ఒక దరఖాస్తు చరిత్ర

మన కళాశాల వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి పంపవలసిందని సంపాదకవర్గంవారు కోరినప్పుడు నేను కొంత సంకోచించిన మాట నిజం. నేను రచయితను కాను. 1983 నుండి 1986 వరకు ఇక్కడ బి.యస్సీ. చదివిన మూడేళ్ళలో ఈ సంచికకు ఒక్క వ్యాసమైనా ఇచ్చినవాణ్ణి కాను. కుడివైపు నుండి మొదలయ్యే ఉర్దూ పుటలూ ఎడమవైపు నుండి మొదలయ్యే తెలుగు పుటలూ మధ్యలో ఎక్కడ కలుసుకొంటాయో వెదకి చూచి సంతోషించిన పాఠకుణ్ణి మాత్రమే. అయితే నిదానంగా ఆలోచిస్తే, గడచిన ఇరవై ఏళ్ళకు పైగా నేను వ్రాస్తూనే ఉన్నానని తోచింది. వ్రాసినవన్నీ దరఖాస్తులే. అమెరికా దేశపు మధ్యపశ్చిమ ప్రాంతంలోని ఒక విశ్వవిద్యాలయంలో క్షయరోగంపై పరిశోధన చేయటం నా ఉద్యోగం. ఆ పరిశోధనకు కావలసిన ధనాన్ని ఆ దేశపు కేంద్రప్రభుత్వం నుండి అడిగి తెచ్చుకోవటం ఆ ఉద్యోగంలో సగభాగం. అటువంటి దరఖాస్తులలో ఒకదాని చరిత్రను ఇక్కడ వ్రాస్తున్నాను.

దరఖాస్తు అనే మాట ఈ సంచికలోని రెండు భాగాలకూ ఉమ్మడి ఆస్తి. అర్జీ, నకలు, మంజూరు, గుమాస్తా అనేవి కూడా అంతే. మా ఇంటిలో ఈ మాటలే మాకు అన్నం పెట్టాయి. మా తండ్రిగారు కర్నూలులో తాలూకా కచేరి ముందు ఒక వేపచెట్టు క్రింద చిన్న బల్ల వేసుకొని అర్జీలు వ్రాసేవారు. చుట్టుప్రక్కల పల్లెలవారు ఆయనను అర్జీల సాయిబు అనేవారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు కచేరి బోర్డు మారింది గాని ఆయన బల్ల మారలేదు. పల్లెనుండి వచ్చిన మనిషి తన పొలం సంగతి, దాయాది సంగతి, చచ్చిపోయిన ఎనుము సంగతి అరగంటసేపు చెప్పేవాడు. అంతా విని, చివరకు కలం తీసి, "అంతా బాగుంది. ఇంతకూ నీకేం కావాల?" అని అడిగేవారు. ఆ ప్రశ్నకు చాలామంది వెంటనే జవాబు చెప్పలేకపోయేవారు. చెప్పిన తరువాతే ఆయన కాగితం మీద కలం పెట్టేవారు, ఆ జవాబే అర్జీలో మొదటి వాక్యమయ్యేది. తహశీల్దారుగారు మొదటి నాలుగు పంక్తులే చదువుతారనీ, అడిగేది ఆ నాలుగింటిలో లేకపోతే మిగిలిన కాగితం దండుగ అనీ ఆయన నమ్మకం.

ఆయనకు ఇంకొక నియమం ఉండేది. మనిషి చూడనిదానిని చూచినట్లు వ్రాసేవారు కారు. ఒకసారి ఒక రైతు తన బావి పూర్తిగా ఎండిపోయిందని వ్రాయమన్నాడట. "ఎండిందా, నీళ్ళు తగ్గాయా?" అని మా తండ్రిగారు అడిగితే, తగ్గిన మాటే నిజమని ఒప్పుకొన్నాడట. తగ్గినదనే వ్రాస్తానని ఆయన అనగానే ఆ రైతు లేచి, ప్రక్కచెట్టు క్రింద కూర్చున్న మరొక వ్రాతగాడి దగ్గరకు పోయి, ఎండినదనే వ్రాయించుకొన్నాడు. ఆ రెండవ అర్జీ మంజూరయింది కూడా. ఈ సంగతిని మా తండ్రిగారు నవ్వుతూనే చెప్పేవారు, దానివల్ల తమ నియమం మార్చుకోలేదు. వ్రాసిన ప్రతి అర్జీకీ కార్బన్ నకలు తీసి ఒక రేకుపెట్టెలో దాచేవారు. ఎందుకని అడిగితే, "రేపు వాడే వచ్చి నేను ఏం అడిగానని నన్ను అడుగుతాడు" అనేవారు.

ఇక నా దరఖాస్తుల సంగతి. అమెరికాలో ఆరోగ్య పరిశోధనకు ధనమిచ్చే ముఖ్యమైన ప్రభుత్వసంస్థ నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్. వాషింగ్టన్ నగరానికి ఆనుకొని ఉన్న బెథెస్డాలో దాని ముఖ్యస్థానం. క్యాన్సర్‌కు ఒకటి, గుండెజబ్బులకు ఒకటి, అంటువ్యాధులకు ఒకటి, ఈ విధంగా 27 సంస్థలు, కేంద్రాలు దాని క్రింద ఉన్నాయి. ఒక పరిశోధకుడు తన సొంత ఆలోచనపై నాలుగైదేళ్ళు పనిచేయటానికి ఇచ్చే గ్రాంటును ఆర్-01 అంటారు. ఆ దేశంలో నావంటివాడి జీవితం ఈ మూడక్షరాల చుట్టూ తిరుగుతుంది. క్రొత్త ఆర్-01 దరఖాస్తులకు సంవత్సరానికి మూడు గడువులు: ఫిబ్రవరి 5, జూన్ 5, అక్టోబరు 5. సాయంత్రం అయిదు గంటలు దాటితే అంతే. మన పరీక్షల హాలులో గంట కొట్టిన తరువాత ఇంకొక పంక్తి వ్రాసుకోనిచ్చే దయగల అధ్యాపకులు అక్కడ లేరు.

విద్యార్థులు ఇక్కడ ఒక విషయం గమనించవలెను. ఆ దరఖాస్తు నాది కాదు. ఆలోచన నాది, ప్రయోగాలు నావి, వ్రాత నాది. కాని దరఖాస్తుదారు విశ్వవిద్యాలయం. నేను నా చేతితో దానిని బెథెస్డాకు పంపలేను. విశ్వవిద్యాలయం తరఫున సంతకం చేసే అధికారం ఉన్న వ్యక్తి పంపవలెను. మంజూరైన ధనం కూడా విశ్వవిద్యాలయానికే వస్తుంది. అందువల్ల ప్రతి విశ్వవిద్యాలయంలోనూ గ్రాంట్ల కార్యాలయమని ఒకటి ఉంటుంది. జీతాల లెక్కలు, ఇతర విశ్వవిద్యాలయాలతో ఒప్పందాలు, మనుషుల రక్తనమూనాలు వాడితే నైతిక సంఘం అనుమతి, జంతువులను వాడితే దానికి వేరొక సంఘం, క్షయ క్రిమివంటి ప్రమాదకరమైన సూక్ష్మజీవిని పెంచేవారికి జీవభద్రతా సంఘం, ఇవన్నీ వారి చేతిమీదుగా నడుస్తాయి. శాస్త్రజ్ఞులు సాధారణంగా ఈ కార్యాలయాన్ని విసుక్కొంటారు. నేనూ మొదట్లో విసుక్కొన్నవాణ్ణే. మా కార్యాలయంలో అప్పటికి ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న ఒక పెద్దావిడ ఉండేది. ఆమె శాస్త్రం చదువుకోలేదు. కాని కాగితాల కాలంలో పెట్టెలకొద్దీ దరఖాస్తులను కట్టి పంపిన చేయి ఆమెది. 2007 ఫిబ్రవరి నుండి ఆర్-01లు కంప్యూటరు ద్వారానే పంపవలెనని నియమం వచ్చినప్పుడు, మాలో సగం మందికి ఆ విధానం నేర్పింది ఆమెయే. ఆమె ముఖంలో నాకు ఎప్పుడూ మన కళాశాల కార్యాలయంలో స్కాలర్‌షిప్ కాగితాలు నింపి పెట్టిన గుమాస్తాగారే కనిపించేవారు.

క్షయక్రిమిని మన శరీరంలోని భక్షక కణాలు మ్రింగుతాయి. మ్రింగిన తరువాత చంపవలసిన ఆ కణంలోనే అది ఏళ్ళ తరబడి నిద్రించి, అదను చూచి లేస్తుంది. ఆ నిద్రకు కారణమైన ఒక జన్యువును గుర్తించామని మా అనుమానం. 2009లో నేను వ్రాస్తున్న దరఖాస్తు దానిని గురించినదే. అంతకుముందు నాకు ఉన్న గ్రాంటు 2010 మార్చితో ముగియనున్నది. నా ప్రయోగశాలలో నలుగురు పనిచేసేవారు. ముగ్గురు చదువుకొనేవారు, వారికి వేరే దారులున్నాయి. నాల్గవ ఆమె టెక్నీషియన్, ఇద్దరు బిడ్డల తల్లి. ఆమె జీతం, ఆ జీతంతోపాటు వచ్చే వైద్యబీమా, రెండూ నా గ్రాంటునుండే. ఆ దేశంలో ఉద్యోగం పోతే చాలామందికి వైద్యం కూడా ఆగిపోతుంది. సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్లు అడుగుతున్నామంటే మన విద్యార్థులకు కళ్ళు చెదరవచ్చును గాని, అందులో పెద్దభాగం ఇటువంటి జీతాలే.

ఆ రోజులలో పరిశోధనా ప్రణాళిక 25 పుటలు వ్రాయవలసి ఉండేది. అందులో మొదట వచ్చేది ఒకే ఒక పుట: ఏమి సాధించదలచామో చెప్పే లక్ష్యాల పుట. మిగిలిన పుటలు వ్రాయటానికి నాకు ఆరు వారాలు పడితే, ఆ ఒక్క పుటకు మూడు నెలలు పట్టింది. దరఖాస్తును చదివేవారు ప్రభుత్వోద్యోగులు కారు. మావంటి శాస్త్రజ్ఞులే, ఇతర విశ్వవిద్యాలయాలవారు. ఆ సంఘాన్ని స్టడీ సెక్షన్ అంటారు. ఒక్కొక్క దరఖాస్తును ముగ్గురు క్షుణ్ణంగా చదివితే, గదిలోని మిగిలినవారిలో చాలామంది ఆ ఒక్క పుటనే చూస్తారు. తరువాతి కాలంలో నేనూ అటువంటి సంఘాలలో కూర్చున్నాను. పదేసి దరఖాస్తులను రాత్రి పొద్దుపోయిన తరువాత, ఇంటిపని, పాఠాలు ముగించుకొని చదివే మనిషి ఎంత అలసి ఉంటాడో అప్పుడు తెలిసింది. మా తండ్రిగారికి తహశీల్దారును గురించి తెలిసినది నాకు తెలియటానికి అంతకాలం పట్టింది.

ఆ దరఖాస్తులో ఒక చిక్కు ఉండేది. మా అనుమానానికి ఆధారమైన ప్రయోగాన్ని మూడుసార్లు చేశాము. రెండుసార్లు ఫలించింది, మూడవసారి ఫలించలేదు. ఎందుకో తెలియదు. క్షయక్రిమి చాలా నెమ్మదిగా పెరుగుతుంది. పళ్ళెంలో కంటికి కనిపించే చుక్కలుగా ఎదగటానికే మూడు నాలుగు వారాలు కావాలి. అక్టోబరు 5లోగా మరొకసారి చేసే వ్యవధి లేదు. నా మేలు కోరే ఒక పెద్ద శాస్త్రజ్ఞుడు, ప్రాథమిక ఫలితాలు గదా, రెండింటినే చూపవచ్చు, అందరూ చేసేదే అన్నాడు. అది అబద్ధం కాదు. నేను సరేనన్నాను. ఆ విధంగానే ఒక పటం గీయించాను.

అక్టోబరు 2 శుక్రవారం. ఉదయం లేచి కంప్యూటరు తెరిచేసరికి కర్నూలు మునిగిపోయిందన్న వార్త. తుంగభద్ర, హంద్రి రెండూ పొంగి ఊరిమీద పడ్డ ఆ దినాన్ని ఈ కళాశాలలో పెద్దవారికి నేను వర్ణించి చెప్పనక్కరలేదు. మీరు ఆ నీటిలో ఉన్నవారు, నేను పదిన్నర గంటల వెనుక ఉన్న మరొక గడియారం క్రింద, పొడినేల మీద నిలిచి చూచినవాణ్ణి. మా తండ్రిగారు పాతబస్తీలో మా తమ్ముని ఇంటిలో ఉండేవారు. అప్పటికి ఆయనకు డెబ్బై నాలుగేళ్ళు. తమ్ముని ఫోను మ్రోగలేదు. ఆదోనిలో ఉన్న మా చెల్లెలికి కూడా ఏ సమాచారమూ లేదు. పరిచితమైన వీధులు ఒక్కొక్కటే టెలివిజను చిత్రాలలో గుర్తుపట్టటం, ఫలానా మిద్దె మునిగితే మా గడప ఎంత లోతున ఉంటుందో లెక్క వేయటం, ఆ శుక్రవారమంతా ఇదే పని.

గ్రాంట్ల కార్యాలయంలోని పెద్దావిడకు సంగతి చెప్పాను. ఆమె నన్ను కూర్చోబెట్టి నియమం వివరించింది. ప్రకృతి వైపరీత్యంగాని కుటుంబంలో మరణంగాని సంభవిస్తే దరఖాస్తును ఆలస్యంగా పంపవచ్చును. దానికి ముందుగా అనుమతి ఎవరూ ఇవ్వరు. కారణం వివరిస్తూ ఒక లేఖ జతపరచి పంపితే, అంగీకరించేదీ లేనిదీ తరువాత వారు నిర్ణయిస్తారు. "లేఖ వ్రాయి, మిగిలినది నేను చూచుకొంటాను" అన్నది.

శనివారం రాత్రి ఆ లేఖకు కూర్చున్నాను. తేదీ వేశాను, సంబోధన వ్రాశాను. 'మా తండ్రిగారు' అని మొదలుపెట్టాను. ఆ తరువాత ఏ క్రియ వ్రాయాలో తెలియలేదు. మునిగిపోయారని వ్రాయటమా? కనబడటం లేదని వ్రాయటమా? ఫోను మ్రోగకపోవటం కనబడకపోవటం అవుతుందా? ఏది వ్రాసినా నేను చూడనిదానిని చూచినట్లు వ్రాయటమే. ఏదో ఒకటి వ్రాస్తే అది నిజమైపోతుందేమోనన్న మూఢభయం కూడా లేకపోలేదు, శాస్త్రజ్ఞుణ్ణయినా ఒప్పుకొంటున్నాను. గంటసేపు కూర్చొని ఆ కాగితం చింపివేశాను.

ఆదివారం ఏమీ తోచక దరఖాస్తునే ముందు వేసుకొన్నాను. ప్రయోగం పటం వచ్చినచోట ఆగిపోయాను. రెండు గీతలు మాత్రమే ఉన్న ఆ పటాన్ని తీసివేసి, మూడు గీతలు ఉన్న పాత పటాన్ని పెట్టాను. మూడవసారి ఫలితం రాలేదనీ, కారణం ఇంకా తెలియదనీ, మొదటి సంవత్సరంలో ముందుగా ఆ కారణాన్నే వెదుకుతామనీ నాలుగు వాక్యాలు క్రింద చేర్చాను. దీనిని ధైర్యమని నేను చెప్పుకోను. ఆ రోజు నాకు దేనినీ కప్పిపుచ్చే ఓపిక లేదు, అంతే.

ఆదివారం రాత్రి, కర్నూలులో సోమవారం ఉదయం, మా చెల్లెలు ఫోను చేసింది. అందరూ క్షేమం. నీళ్ళు వచ్చిన రాత్రి వెనుకవీధి శెట్టిగారు తమ మిద్దెమీదికి మావాళ్ళనందరినీ ఎక్కించుకొన్నారు. రెండు రాత్రులు అక్కడే. మరి కొన్ని గంటలకు ఎవరిదో ఫోనులో మా తండ్రిగారి గొంతు కూడా వినిపించింది. తమ సంగతి చెప్పక, "నకళ్ళ పెట్టె పోయింది రా" అన్నారు. నలభై ఏళ్ళ అర్జీలు. ఎందరి పొలాలు, ఎందరి పింఛన్లు, ఎందరి రేషనుకార్డులు! తరువాత నా పని ఏమయిందని అడిగారు. గడువు ఈ రోజేనని చెప్పాను. "అయితే ఫోను పెట్టెయ్యి" అన్నారు.

ఆ సోమవారం సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు పెద్దావిడ మీట నొక్కింది. మరునాటి ఉదయం తప్పు చూపుతూ తిరుగు సమాచారం వచ్చింది. ఫారములో ఒక గడిలో నా గుర్తింపు పేరు నింపటం మరిచాను. 25 పుటల శాస్త్రంలో దొరకని తప్పు ఒక ఖాళీ గడిలో దొరికింది. ఆ రోజులలో ఇటువంటివి దిద్దుకోవటానికి రెండు పనిదినాల వ్యవధి ఇచ్చేవారు. 2011 జనవరి నుండి దానిని కూడా తీసివేశారు. ఆమె నన్ను ఏమీ అనలేదు. గడి నింపి మళ్ళీ పంపింది.

ఫలితం 2010 మార్చిలో తెలిసింది. అక్కడి పద్ధతి మన మార్కులకు విరుద్ధం, తక్కువ వస్తే మంచిది. ఒక్కొక్క సభ్యుడు 1 నుండి 9 వరకు వేసిన అంకెల సగటును పదితో హెచ్చించి, 10 నుండి 90 లోపు ఒక అంకె ఇస్తారు. వచ్చినవాటిలో సుమారు సగం అసలు చర్చకే రావు. మాది చర్చకు వచ్చింది, 41 వచ్చింది. ఆ అంకెతో ధనం రాదు. ముగ్గురు పరీక్షకులలో ఒకరు మా మూడవ గీతను పట్టుకొని, దరఖాస్తుదారుడే తన ఫలితం నిలకడలేనిదని చూపుతున్నాడని వ్రాశారు. మరొకరు, మూడవ లక్ష్యం రెండవదానిపై ఆధారపడి ఉన్నదనీ, రెండవది కూలితే మూడవది కూడా కూలుతుందనీ వ్రాశారు. ఈ రెండవ మాట నూటికి నూరుపాళ్ళు నిజం, నాకు ముందే తోచి ఉండవలసినది. మొదటి మాట చదివినప్పుడు మాత్రం ప్రక్కచెట్టు క్రింది వ్రాతగాడు గుర్తుకు వచ్చాడు. రెండు గీతలే చూపి ఉంటే ఏమయ్యేదో!

అంతకు ఒక సంవత్సరం ముందే నియమం మారి, సవరించి పంపే అవకాశాన్ని రెండునుండి ఒకటికి తగ్గించారు. మాకు మిగిలినది ఆ ఒక్కటే. పైగా 2010 జనవరి నుండి 25 పుటలను 12 పుటలకు కుదించారు. పరీక్షకులకు జవాబుగా ఒక పుట అదనం. మూడవ ప్రయోగం ఎందుకు విఫలమయిందో తెలిస్తేనే ఆ జవాబుకు విలువ. మేము నలుగురమూ వారాల తరబడి పుస్తకాలు తిరగవేశాము. కారణాన్ని కనిపెట్టింది మాత్రం మా టెక్నీషియన్. కణాలను పెంచే ద్రవంలో దూడల రక్తంనుండి తీసిన సీరం కలుపుతాము. మొదటి రెండుసార్లు వాడిన సీసాల మీద ఒక సంఖ్య, మూడవసారి వాడిన సీసా మీద మరొక సంఖ్య ఉన్నట్లు ఆమె తన నోటుపుస్తకంలో వ్రాసి పెట్టుకొన్నది. సీసా నంబరు వ్రాసుకోవలసిందని ఆమెకు నేను ఎప్పుడూ చెప్పలేదు. మూడు రకాల సీరంతో ప్రయోగాన్ని మళ్ళీ మళ్ళీ ఆమెయే చేసింది. జూన్ చివరకు సంగతి తేలింది. సీరంలో తేడా ఉంటే క్రిమి నిద్రలో తేడా వస్తున్నది. మా తప్పు అనుకొన్నదే మా ప్రశ్నకు ఒక జవాబు.

ఆ ఏడాది జూలై 5 సెలవుదినం కావటంవల్ల గడువు 6వ తేదీకి జరిగింది. ఆ రోజు మధ్యాహ్నానికే పంపివేశాము. ఆ శరదృతువులో 24 వచ్చింది. స్టడీ సెక్షన్ తరువాత సలహామండలి అని రెండవ మెట్టు ఉంటుంది, అది కూడా దాటి, 2011 ఏప్రిల్ 1 నుండి గ్రాంటు మంజూరయింది.

పాత గ్రాంటు మార్చి 2010తో ముగిసిన తరువాత మా శాఖవారు నా ప్రయోగశాలకు డిసెంబరు వరకు జీతాలిచ్చారు. ఆపైన ఇవ్వలేమన్నారు, అది వారి తప్పూ కాదు. డిసెంబరుకు, ఏప్రిల్‌కు నడుమ మూడు నెలలు. 24 అంటే రావచ్చునేమో గాని, వచ్చినట్లు కాదు. ఆశను చూపి ఇద్దరు బిడ్డల తల్లిని మూడు నెలలు జీతమూ బీమా లేకుండా ఉండమని అడగటానికి నాకు నోరు రాలేదు. ఆమె ఒక ఆసుపత్రి రక్తపరీక్షల విభాగంలో చేరింది. మంజూరుపత్రం వచ్చిన రోజు ఆమెకు ఫోను చేశాను. సంతోషించింది. తిరిగి వస్తావా అని అడిగితే, అక్కడ ఉద్యోగం అయిదేళ్ళకొకసారి గడువు తీరేది కాదు గదా అన్నది. దరఖాస్తులోని జీతాల పట్టికలో మొదటి సంవత్సరం నుండి అయిదవ సంవత్సరం వరకు ఆమె పేరు అచ్చయి ఉంది. మొదటినెలే ఆ పేరు తీసివేసి, ఖాళీ అని వ్రాసి పంపవలసి వచ్చింది. ఆ మార్పుకు సంతకం కావలసి వస్తే పెద్దావిడ నావైపు చూడకుండా కాగితం ముందుకు జరిపింది.

ఇప్పుడు ఆ పద్ధతులు మరికొన్ని మారాయి. 2025 జనవరి నుండి పరీక్షకులు దరఖాస్తులను క్రొత్త విధానంలో తూకం వేస్తున్నారు. విషయం ముఖ్యమైనదేనా, పద్ధతి గట్టిదేనా అన్న రెండింటికే అంకెలు వేస్తారు. మనుషులు, వసతులు సరిపోతాయా లేదా అన్నది మాత్రం చూస్తారు, అంకె వేయరు. పేరుమోసిన విశ్వవిద్యాలయమన్న ఒక్క కారణానికి మొగ్గు చూపరాదని దీని ఉద్దేశం. నావంటి చిన్నచోటివారికి ఇది మేలే. అదే 2025లో, అంతకుముందే మంజూరైన గ్రాంట్లు వేల సంఖ్యలో రద్దయ్యాయి, తగవులు న్యాయస్థానాలకెక్కాయి. విశ్వవిద్యాలయాలు భవనాలకు, విద్యుత్తుకు, మా పెద్దావిడ వంటివారి జీతాలకు వాడుకొనే పరోక్ష ఖర్చుల భాగాన్ని నూటికి పదిహేనుకు దించాలని ఫిబ్రవరిలో ఒక ఉత్తరువు వచ్చింది, దానిని కోర్టు ఆపివేసింది. గ్రాంట్ల కార్యాలయమంటే విసుక్కొన్న శాస్త్రజ్ఞులందరూ ఆ వారం అక్కడ బారులు తీరారు. 2025 సెప్టెంబరు 25 నుండి ఇంకొక నియమం వచ్చింది. ఒక పరిశోధకుడు సంవత్సరానికి ఆరు దరఖాస్తులకు మించి పంపరాదు, కృత్రిమ మేధ చేత అధికభాగం వ్రాయించినవాటిని అతని సొంత ఆలోచనగా స్వీకరింపరు. యంత్రాలు వ్రాతగాళ్ళయినందువల్ల కొందరు కుప్పలుగా పంపటమే దీనికి కారణం. చెట్టు క్రింద బల్ల వేసుకొన్న ఆ క్రొత్త వ్రాతగాడు, ఎండిందని వ్రాయమంటే ఎండిందని, నిండిందని వ్రాయమంటే నిండిందని వ్రాస్తాడు. వాడు అడగనిది ఒక్కటే ప్రశ్న.

2011 వేసవిలో కర్నూలు వచ్చినప్పుడు మా తండ్రిగారు ఆ దరఖాస్తును చూడాలన్నారు. ఆంగ్లం ఆయనకు అంతగా రాదు. లక్ష్యాల పుటను ఉర్దూలో కొంత, తెలుగులో కొంత చెప్పుకొంటూ చదివి వినిపించాను. కళ్ళు మూసుకొని విన్నారు. "అడిగేది ఆరో పంక్తిలో ఉంది" అన్నారు. లెక్కపెట్టి చూచాను, నిజమే. తరువాత, సీసా నంబరు వ్రాసుకొన్న అమ్మాయికి నౌకరీ ఉందా అని అడిగారు. లేదన్నాను. ఆయన ఏమీ అనలేదు. కాసేపటికి, వరద తరువాత కొన్న క్రొత్త రేకుపెట్టె తెరిచి, ఆ కాగితాలు ఇవ్వమన్నారు. 

ఆయన 2014లో పోయారు. ఆ పెట్టె ఇప్పుడు మా తమ్ముని ఇంటిలో ఉంది. ఈ వ్యాసం కోసం తేదీలు సరిచూచుకోవలసి వచ్చినప్పుడు తమ్ముడు దానిలోని కాగితాలనే తీసి ఫోటోలు పంపాడు. నా దగ్గర ఉన్న ప్రతి, కంప్యూటర్లు మారటంలో ఎక్కడో పోయింది. నా బల్లమీద ప్రస్తుతం వచ్చే ఫిబ్రవరి 5వ తేదీకి పంపవలసినది ఉంది. 12 పుటలూ దాదాపు పూర్తయ్యాయి. మొదటి పుట ఇంకా కుదరలేదు.